కత్తి పట్టినవాడి వాటా ఎంత? (పల్నాటి చరిత్రలో మనం – 6)

మా బెల్లంకొండ కోట గురించి ఎవరిని అడిగినా రాజుల పేర్లే చెబుతారు. రెడ్డిరాజులు ఏలారు, గజపతులు ఏలారు, 1515లో కొండవీటి దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు పట్టుకున్నాడు అంటారు. ఆ గోడలెక్కుతూ చచ్చిన కాల్బంటు పేరు ఒక్కటీ ఎవరూ చెప్పరు. కాల్బంటుకి చరిత్రలో అంకె ఉంటుంది తప్ప పేరు ఉండదు.

మిత్రులారా, మన పల్నాటిలోనే దీనికి ఎదురు నిలిచిన యుద్ధం ఒకటుంది. అదే కారంపూడి యుద్ధం. 12వ శతాబ్దం చివర నాగులేటి ఒడ్డున జరిగింది. పైనుంచి ఎవడో వచ్చి చేసిన దండయాత్ర కాదది, ఇంటిపోరు. ఒకే తండ్రి అనుగురాజు బిడ్డలు రెండుగా చీలారు. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. కోడిపందెంలో ఓడిన మాచర్లవాళ్లు ఏడేళ్లు వలసపోయారు. గడువు తీరాక భాగం అడగడానికి వెళ్లిన అలరాజుకి విషం పెట్టారు. దాంతో కత్తులు లేచాయని కథ చెబుతుంది.

ఆ మాచర్ల సేనకి ముందు నడిచినవాడు మాల కన్నమదాసు. జీతానికి వచ్చినవాడు కాదు, వెట్టికి తోలుకొచ్చినవాడూ కాదు. ఇష్టపడి కత్తి పట్టినవాడు. బ్రహ్మనాయుడు అతన్ని కొడుకులా చూశాడనీ, సేనాధిపతిని చేశాడనీ, అన్ని కులాల వీరులనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడనీ కథ.

పుస్తకాల్లో, ఉపన్యాసాల్లో ఇదంతా ఎవరి ఖాతాలో పడింది? బ్రహ్మనాయుడి ఖాతాలో! ఆయన ఉదారుడు, ఆయన సంస్కర్త. మరి కన్నమదాసు? ఆయన గొప్పతనానికి సాక్ష్యం. అంతే. అన్నం పెట్టినవాడి పేరు చెప్పుకున్నంతగా ప్రాణం పెట్టినవాడి పేరు చెప్పుకోలేదు. చాపకూడు గొప్పదే, నేను కాదనను. కానీ యుద్ధం జరిగింది కూడు కోసం కాదు, రాజ్యంలో భాగం కోసం. ఆ భాగంలో మాలవాడకి ఎంత?

ఇలాంటి ప్రశ్ననే ఇంకో ఇంటిపోరులో సైనికులే నోరు తెరిచి అడిగారు. అమెరికా అంతర్యుద్ధంలో, 1863లో, మసాచుసెట్స్ రాష్ట్రం నల్లవాళ్లతో 54వ వాలంటీర్ పదాతి దళాన్ని నిలబెట్టింది. అధికారులు తెల్లవాళ్లు. తెల్ల సిపాయికి నెలకి 13 డాలర్లు. వీళ్లకీ అంతే ఇస్తామని చేర్చుకుని, తీరా 10 అన్నారు. అందులోనూ బట్టలకని 3 కోశారు. వాళ్లు ఏం చేశారు? జీతమే ముట్టలేదు. తేడా మేం కడతామని రాష్ట్రం ముందుకొచ్చినా వద్దన్నారు. అడిగింది డబ్బు కాదు, సమానత్వం. ఆ ఏడాది జులై 18న వాగ్నర్ కోట మీద దాడిలో 600 మందికి పైగా దిగితే 270 మందికి పైగా చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది. అయినా పట్టు వదల్లేదు. 1864 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ సమాన జీతం ఒప్పుకుంది. వాళ్లు ఒకరి ఉదారతకి సాక్ష్యాలుగా మిగలడానికి ఒప్పుకోలేదు.

మనవాళ్లు చేసిన పని ఇంకోటి. జ్ఞాపకాన్ని చేతుల్లోంచి జారనివ్వలేదు. శ్రీనాథుడు ద్విపదలో రాశాడని పండితులు చెబుతారు, నిజమే. కానీ ఈ కథని తరం తర్వాత తరం గొంతులో మోసింది పల్నాటి మాల గాయకులు, వీరవిద్యావంతులు. అమెరికా పరిశోధకుడు జీన్ రోగైర్ 1982లో అచ్చు వేయించిన ఇంగ్లీషు పుస్తకానికి మూలం అలిసెట్టి గాలెయ్య పాడిన పాటే. పల్నాటి వీరచరిత్రకి మనం పాత్రలం మాత్రమే కాదు, దాన్ని కాపాడిన వాళ్లం కూడా.

ఇప్పటికీ కార్తీకంలో కారంపూడిలో అయిదు రోజుల తిరునాళ్ల జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరు నాడు చాపకూడు. అందరూ కలిసి తింటారు, ఫొటోలు దిగుతారు, నాయకులు సమానత్వం మీద మాట్లాడతారు. అప్పటి గుంటూరు జిల్లాలోనే 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. ఏడాదికి ఒకరోజు పరిచే చాప మిగతా రోజుల్లో ఎక్కడుంటుంది?

విద్యార్థి మిత్రులకి ఒక మాట. కన్నమదాసుని వీరుడని పొగిడి ఊరుకోకండి. పొగడ్త చాలా చౌక. కత్తి ఇచ్చినవాడు భూమి ఇచ్చాడా అని అడగండి. పక్కన కూర్చోబెట్టినవాడు పదవిలో కూర్చోబెట్టాడా అని అడగండి. ఇవాళ పార్టీల జెండాలు మోస్తూ ముందు నడిచే మన కుర్రాళ్లని కూడా ఇదే అడగాలి. యుద్ధం ఎవరిది, భాగం ఎవరిది?

వచ్చే భాగంలో నాయకురాలు నాగమ్మ గురించి మాట్లాడుకుందాం. కథ ఆమెని ఎందుకు విలన్ని చేసిందో చూద్దాం.

జై భీమ్.