రక్తఫలకికలకు కొలెస్టరాల్ చెప్పు మాట

వ్రేలు తెగినపుడు కారు నెత్తురు కొన్ని నిమిషములలో తనంతట తానే నిలిచిపోవును. ఈ మేలు ముందుగా తలపెట్టునవి రక్తఫలకికలు; వీనినే ప్లేట్‌లెట్లు అందురు. కాని అట్టి గడ్డయే గుండెకు రక్తము తెచ్చు ధమనిలో కట్టినచో ప్రాణమునకే ముప్పు. రక్షకభటుడు శత్రువుగా మారుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన వారి కథను సంగ్రహముగా మనవి చేయుదుము.

ఇటలీ దేశమున ట్యూరిన్ నగరమున జూలియో బిట్సొజెరో అను వైద్యాచార్యుడు 1882లో ఫలకికల పనిని వెల్లడించెను. సజీవ జంతువుల సన్నని రక్తనాళములను సూక్ష్మదర్శినితో పరిశీలించి, నాళము గాయపడిన చోట ఇవి వచ్చి అంటుకొనుట ఆయన కన్నులార చూచెను. ఘన మిల్లీమీటరు రక్తములో ఇవి లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షల వరకు ఉండును. వీనికి కేంద్రకము లేదు. ఆయువు సుమారు పది దినములు.

కొలెస్టరాల్ కథ వేరొక త్రోవను నడచినది. 1913లో రష్యాలో నికొలాయ్ అనిచ్‌కోవ్ కుందేళ్లకు కొలెస్టరాల్ తినిపించి, వాని ధమనుల గోడలలో కొవ్వు పేరుకొనుటను చూపెను. కొవ్వు నీటిలో కరగదు గదా, మరి రక్తములో ఎట్లు పయనించును? మాంసకృత్తులతో జతగూడి పయనించును. ఆ జంటలే లైపోప్రోటీనులు. 1950 ప్రాంతమున కాలిఫోర్నియాలో జాన్ గాఫ్‌మన్ ప్రభృతులు అతివేగముగా తిరుగు యంత్రముతో వీనిని సాంద్రతను బట్టి వేరుపరచిరి. తక్కువ సాంద్రత గలది ఎల్.డి.ఎల్.; ఎక్కువ గలది హెచ్.డి.ఎల్.

ఈ రెండు త్రోవలు 1970 తరువాత కలిసినవి. ఎల్.డి.ఎల్. మిక్కుటముగా గల రోగుల ఫలకికలు స్వల్పప్రేరణకే గుంపుగూడునని 1974లో అమెరికాలో ప్రకటింపబడెను. మరుసటి యేడు, ఫలకికల పొరలో కొలెస్టరాల్‌ను హెచ్చించినను అట్లే జరుగునని తేలెను. పొరలో చేరిన కొవ్వే దోషియని తోచెను.

అయితే కథ అంతటితో ముగియలేదు. ఎల్.డి.ఎల్.ను కణములోనికి గొనిపోవు గ్రాహకమును కనుగొన్నందుకు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించెను. జన్మతః ఆ గ్రాహకము లోపించిన వారి ఫలకికలు సైతము ఎల్.డి.ఎల్.కు స్పందించుట వింతయైనది. అనగా తలుపు తట్టుటకు వేరొక ద్వారము కలదన్నమాట. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ శాస్త్రజ్ఞులు 2000 తరువాత దానిని గుర్తించి, అపో-ఇ గ్రాహకము-2 యొక్క ఒక రూపమని తెలిపిరి.

ఎల్.డి.ఎల్. దానిని తాకగానే ఫలకికలో పి-38 అను ఎంజైము మేల్కొనును. అది వేరొక ఎంజైమును కదల్చగా, పొరనుండి అరాకిడోనిక్ ఆమ్లము విడివడును. దానినుండి పుట్టు త్రాంబాక్సేన్ ఇరుగుపొరుగు ఫలకికలను పిలుచును. స్వీడన్‌లో 1975లో శామ్యూల్సన్ బృందము కనుగొన్న ఈ పదార్థమును పుట్టనీయకుండుటయే ఆస్పిరిన్ చేయు పని. ఎల్.డి.ఎల్. మార్పుచెంది ఆక్సీకరణము పొందినచో, సి.డి.-36 అను మరొక ద్వారమున ఫలకికలను రెచ్చగొట్టునని 2007లో వెల్లడియైనది. హెచ్.డి.ఎల్.లో కొన్ని రకములు మాత్రము వానిని శాంతింపజేయును.

కాబట్టి కొలెస్టరాల్ ధమని గోడకు బరువు మాత్రమే కాదు. ప్రవహించు రక్తములో ఒక వార్తయు నగును. ఆ వార్త మితమీరినచో, గాయము లేని చోటను ఫలకికలు గాయమునకు సిద్ధపడియుండును. వైద్యుని సలహాపై ఎల్.డి.ఎల్.ను తగ్గించుకొనువారు, ధమనులతో పాటు ఈ చిన్ని భటులకును ఊరట కలిగించుచున్నారు.