అడవిబిడ్డల చరిత్రకారుడు హైమన్‌డార్ఫు

విజ్ఞానమునకు పుస్తకములే నిలయములని తలంచుట మనకు పరిపాటి. గ్రంథాలయ రజతోత్సవ శుభసమయమున ఆ మాటను కాదనుట ఉచితము కాదు. కాని గ్రంథములు లేని జాతులకును చరిత్ర గలదు. అది వారి పాటలయందును, పండుగలయందును, వృద్ధుల నాలుకల మీదను నిలిచియుండును. మన ప్రాంతపు అడవులలో అట్టి చరిత్రను ఏండ్ల తరబడి ఆలకించి గ్రంథస్థము చేసిన విదేశీయ పండితుడు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫు. ఆయన జీవితమును సంగ్రహముగా పాఠకుల ముందుంచుటయే ఈ వ్యాసోద్దేశము.

ఆయన 1909వ సంవత్సరము జూన్ 22వ తేదీన ఆస్ట్రియా రాజధానియైన వియన్నాలో జన్మించిరి. అచ్చటి విశ్వవిద్యాలయమున అస్సాము కొండజాతులను గూర్చి పరిశోధించి డాక్టరు పట్టమును పొందిరి. పిమ్మట లండనులో మలినోస్కీ పండితుని కడ శిష్యరికము చేసిరి. ఒక జాతిని ఎరుగవలెనన్నచో వారి నడుమ నివసించి, వారి భాషను నేర్వవలెనన్నది ఆ గురువు సిద్ధాంతము. దాని ననుసరించి 1936లో నాగా కొండలకు వచ్చి పరిశోధన సాగించిరి.

1939లో సతీమణి బెట్టీతో మరల భారతదేశమునకు రాగా, ఆ యేడే రెండవ ప్రపంచ యుద్ధము ప్రారంభమయ్యెను. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో విలీనమైనందున ఆంగ్ల ప్రభుత్వము ఆయనను శత్రుదేశీయునిగా లెక్కించెను. ఆయన హైదరాబాదు సంస్థానమును విడిచి పోరాదని కట్టడి ఏర్పడెను. ఈ నిర్బంధమే మనకు మేలైనది. ఆ దంపతులు నల్లమలలోని అమరాబాదు పీఠభూమికి పోయి, దుంపలు త్రవ్వి తేనె సేకరించి జీవించు చెంచులతో మెలగిరి. గోదావరి తీరపు కొండలలో పోడు చేసికొను కొండరెడ్ల యిండ్ల నడుమ వసించిరి. చెంచులపై 1943లోను, కొండరెడ్లపై 1945లోను, ఆదిలాబాదు రాజగోండులపై 1948లోను వారి గ్రంథములు వెలువడెను.

గోండుల కడకు ఆయన పోవుటకు విషాదకరమైన నేపథ్యము గలదు. అడవులను రక్షితములుగా ప్రకటించి ప్రభుత్వము గోండుల పల్లెలను ఖాళీ చేయించుచుండెను. తరతరములుగా దున్నుకొన్న భూమికి వారియొద్ద పట్టా కాగితము లేదు. బయటినుండి వచ్చినవారు ఆ భూములను తమ పేర వ్రాయించుకొనిరి. షావుకారుల అప్పులును, అటవీ సిబ్బంది మామూళ్లును వారి వెన్ను విరిచెను. ఈ అన్యాయము నెదిరించిన కుమురం భీము 1940లో జోడేఘాటు కొండలయందు పోలీసు కాల్పులకు బలియయ్యెను. అనంతరము తిరుగుబాటునకు కారణములను విచారింపుమని నిజాము ప్రభుత్వము హైమన్‌డార్ఫు గారిని కోరెను. దోషము గోండులది కాదనియు, వారి భూమి వారికి దక్కనిదే శాంతి కలుగదనియు ఆయన నివేదించిరి.

నివేదిక వ్రాసి ఆయన ఊరకుండలేదు. 1943లో మార్లవాయి గూడెమున గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణా కేంద్రము వెలసెను. పిల్లలు తమ మాటలోనే చదువ నేర్చుటకై గోండీ వాచకములు దేవనాగరి లిపిలో సిద్ధమయ్యెను. 1940 దశకమున లక్ష ఎకరములకు పైగా భూమి గిరిజనులకు పట్టాలుగా లభించెను. కేస్లాపూరు నాగోబా జాతరలో అధికారులు స్వయముగా గిరిజనుల మొరలు వినుటకై దర్బారు ఏర్పడెను. ఈ కీర్తి నంతయు ఆయనకే కట్టబెట్టుట న్యాయము కాదు. భీము ప్రాణత్యాగమే లేకున్న ఏలినవారి చెవికి ఆ మొర సోకియుండెడిది కాదు. సోకిన మొరను కార్యరూపమునకు తెచ్చిన పుణ్యము మాత్రము ఈ పండితునిది.

పిమ్మట ఆయన లండను విశ్వవిద్యాలయమున ఆచార్యులై 1976లో విరమించిరి. నేపాళమున షెర్పాల జీవితమును పరిశీలించి గ్రంథము రచించిరి. 1970 దశకపు చివర ఆదిలాబాదునకు మరలి వచ్చి చూడగా, తాము ముందు నిలిచి ఇప్పించిన భూములు పెక్కు మరల అన్యాక్రాంతమై యుండెను. గిరిజన భూముల బదలాయింపును నిరోధించు 1959, 1970 సంవత్సరముల శాసనములు గ్రంథములలో నుండెను గాని, గూడెములలో అమలు కాకుండెను. ఆ వేదనను ఆయన 1982 నాటి గ్రంథమున దాచక వ్రాసిరి. తమ శ్రమ వమ్మగుటను తామే లోకమునకు చాటుట సామాన్యమైన నిజాయితీ కాదు.

బెట్టీ 1987లో హైదరాబాదున పరమపదించగా మార్లవాయిలో సమాధి చేసిరి. ఆయన 1995 జూన్ 11వ తేదీన లండనులో కన్నుమూసిరి. 2012లో ఆయన చితాభస్మము సైతము ఆ గూడెమునకే చేరి, భార్య సమాధి చెంత నిక్షిప్తమయ్యెను. వియన్నాలో పుట్టి లండనులో గిట్టిన పండితునకు గోండు గూడెము స్వగ్రామమయ్యెను.

మన గ్రామ గ్రంథాలయమునకు ఈ చరితము బోధించునది యొకటి గలదు. కాగితము చదువలేక పోవుటచేతనే గోండులు నేలను పోగొట్టుకొనిరి. కాగితము మీది శాసనమును అడుగువారు లేనందుననే రెండవమారును పోగొట్టుకొనిరి. కావున చదువు నేర్చినవాడు నేర్వని పొరుగువానికి దానిని చదివి వినిపించుట, వాని పక్షమున నిలిచి అడుగుట తన విధిగా నెంచవలెను. ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయము ఇకముందు ఆ విధిని మరువకుండుగాక!