శ్రీహరికోట: ప్రయోగ ఒత్తిడి, మనోస్థైర్యం

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట 2022 వరకు నెల్లూరు జిల్లాలో భాగం. ఏళ్ల తరబడి పడిన శ్రమ ఇక్కడి ఇస్రో రాకెట్ ప్రయోగ కేంద్రంలో నిమిషాల్లో తేలిపోతుంది, అదీ దేశమంతా చూస్తుండగా. 1979 ఆగస్టు 10న తొలి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో కూలింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోయిందని విశ్లేషణలో తేలింది. ప్రాజెక్టు సారథి అబ్దుల్ కలాం కుంగిపోయారు. ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్ విలేకరుల ముందు బాధ్యత తన మీద వేసుకుని, బృందంపై నమ్మకం ప్రకటించారు. ఒత్తిడిని తట్టుకోవడం ఉద్యోగి గుండెనిబ్బరానికే వదిలేయాల్సిన పని కాదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అరుదు. ఆ తర్వాతి ప్రయోగంలో, 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యకు చేరింది. ఆ రోజు విలేకరులతో మాట్లాడమని ధావన్ కలాంనే ముందుకు పంపారు. 2002లో ఈ కేంద్రానికి ధావన్ పేరు పెట్టారు.