పడిపోయిన చేతికి పరీక్ష

పక్షవాతంతో కాలూ చెయ్యీ పడిపోయిన మనిషిని చూడబోయి, "చెయ్యి ఎట్లా ఉన్నది?" అని అడుగుతాము. "కొంచెం నయమే" అంటారు. ఆ 'కొంచెం' ఎంత? అది తెలియకపోతే, చేయించే వ్యాయామం ఫలిస్తున్నదో లేదో చెప్పేది ఎట్లా? ఈ చిన్న ప్రశ్న వైద్యులను నలభై ఏళ్లకు పైగా వెంటాడింది.

మెదడులోని రక్తనాళం మూసుకొనిపోయినా, చిట్లినా, కండరాలను నడిపే భాగం దెబ్బతినవచ్చు. అది ఎడమవైపు అయితే కుడి చెయ్యి, కుడివైపు అయితే ఎడమ చెయ్యి చచ్చుబడుతుంది. 1951లో ట్విచెల్ అనే అమెరికన్ వైద్యుడు 121 మంది రోగులను పరిశీలించి, చెయ్యి కోలుకోవడంలో ఒక క్రమం ఉన్నదని చూపాడు. మొదట చెయ్యి వేలాడిపోతుంది, తరువాత బిగుసుకొంటుంది. భుజం కదపబోతే మోచెయ్యి, వేళ్లు కూడా కలిసి ముడుచుకొంటాయి. నయమైన కొద్దీ ఏ కీలుకు ఆ కీలు విడిగా కదులుతుంది. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన సిగ్నె బ్రున్‌స్ట్రోమ్ దీనిని ఆరు దశలుగా విభజించింది. 1975లో స్వీడన్‌లో ఫుగల్-మేయర్, ఆయన సహచరులు ఈ క్రమానికి మార్కులు కట్టారు: కదలిక లేకపోతే 0, కొంత ఉంటే 1, పూర్తిగా ఉంటే 2. చేతికి మొత్తం 66.

అయితే కదలిక వేరు, పని వేరు. మోచెయ్యి వంగినంత మాత్రాన ముద్ద నోటికి అందుతుందా? 1965లోనే కారొల్ పనులతో చేతిని పరీక్షించే పద్ధతి ఒకటి కూర్చాడు. 1981లో లైల్ దానిని 19 అంశాలకు కుదించాడు. చెక్కదిమ్మను బల్లమీదినుంచి అరమీదికి ఎత్తాలి. ఒక గ్లాసులోని నీటిని మరొకదానిలో పోయాలి. గోళీని రెండు వేళ్లతో పట్టాలి. చేతిని నోటిదాకా తేవాలి. చేయలేకపోతే 0, మామూలుగా చేస్తే 3. మొత్తం 57.

ఇక్కడ మరొక చిక్కు వచ్చింది. పరీక్షలో గ్లాసు ఎత్తిన చెయ్యి, ఇంటివద్ద ఒళ్లో ఊరకే ఉండవచ్చు! అమెరికన్ శాస్త్రజ్ఞుడు టౌబ్ కోతులలో దీని కారణం గుర్తించాడు. స్పర్శనాడులు తెగిన చేతిని కోతి వాడడం మానేసింది. మంచి చేతిని కట్టివేస్తే, మానిన చేతినే మళ్లీ వాడింది! అంటే, మొదట్లో వాడబోయి విఫలమైనందువల్ల వాడకపోవడమే అలవాటైపోయిందన్నమాట. 1993లో ప్రకటించిన పరిశోధనలో టౌబ్ బృందం రోగులకు కూడా మంచి చేతిని కట్టి సాధన చేయించింది. నిత్యకృత్యాలలో ఆ చేతిని ఎంత వాడుతున్నారో రోగులనే ప్రశ్నించింది.

కనుక ఈ చరిత్ర మూడు ప్రశ్నలుగా సాగింది: చెయ్యి కదులుతుందా? పని చేయగలదా? నిజంగా చేస్తున్నదా? మొదటి రెండింటికి పరీక్ష కావాలి. మూడవది మనమూ అడగవచ్చు. ఈసారి చూడబోయినప్పుడు, "ఇవాళ ఈ చేత్తో ఏం చేసుకొన్నారు?" అని అడుగుదాము.