ఫైన్‌మెట్

ఫైన్‌మెట్ ఇనుము ప్రధానముగా గల ఒక నానోస్ఫటిక మృదు అయస్కాంత మిశ్రమలోహము. సులభముగా అయస్కాంతత్వమును పొంది, అంతే సులభముగా కోల్పోవు పదార్థములను మృదు అయస్కాంత పదార్థములు అందురు. జపానులోని హిటాచీ మెటల్స్ సంస్థకు చెందిన యోషిజావా, ఒగుమా, యమౌచి 1988లో దీనిని గూర్చి ప్రకటించిరి. ఆ సంస్థ పేరు 2023లో ప్రొటీరియల్‌గా మారినది.

తయారీ, నిర్మాణము

దీని ప్రసిద్ధ రూపములో 100 పరమాణువులకు ఇనుము 73.5, సిలికాన్ 13.5, బోరాన్ 9, నియోబియం 3, రాగి 1 చొప్పున ఉండును. కరిగిన లోహమును వేగముగా తిరుగు చక్రముపై పోయగా, అది సెకనుకు సుమారు 10 లక్షల డిగ్రీల చొప్పున చల్లబడి, దాదాపు 20 మైక్రోమీటర్ల మందము గల రిబ్బనుగా మారును. పరమాణువులు క్రమముగా అమరుటకు వ్యవధి చాలనందున ఇది గాజువలె అస్ఫటికముగా ఉండును. దీనిని సుమారు 550 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక గంటసేపు వేడిచేయుదురు. అప్పుడు రాగి పరమాణువులు గుంపులుగా చేరి స్ఫటికములు పుట్టుటకు తోడ్పడును; నియోబియం వాటి పెరుగుదలను అడ్డగించును. ఫలితముగా 10–15 నానోమీటర్ల ఇనుము-సిలికాన్ స్ఫటిక రేణువులు, వాటి చుట్టూ పలుచని అస్ఫటిక భాగము మిగులును.

అయస్కాంత ధర్మములు

అయస్కాంతత్వమును తొలగించుటకు కావలసిన వ్యతిరేక క్షేత్రమును నిగ్రహ క్షేత్రము అందురు. సాధారణ లోహములలో రేణువులు చిన్నవైన కొలది ఇది పెరుగును. కనుక అస్ఫటిక రిబ్బను స్ఫటికీకరణము చెందినచో మృదుత్వము చెడునని భావించెడివారు. ఫైన్‌మెట్ ఈ అభిప్రాయమును మార్చినది. రేణువులు మిక్కిలి సూక్ష్మమైనపుడు పొరుగు రేణువుల అయస్కాంతత్వము ఒకదానితో నొకటి ముడిపడి, వాటి వేర్వేరు దిశల ప్రభావములు సగటున చాలవరకు రద్దగును. ఈ పరిధిలో నిగ్రహ క్షేత్రము రేణువు వ్యాసము యొక్క ఆరవ ఘాతమునకు అనులోమముగా ఉండునని జర్మనీ శాస్త్రవేత్త హెర్జర్ 1990లో వివరించెను. అనగా వ్యాసము రెట్టింపైనచో నిగ్రహ క్షేత్రము 64 రెట్లగును. అంతేకాక, అయస్కాంతీకరణమున పొడవు మారు గుణము స్ఫటిక భాగమున ఋణాత్మకము, అస్ఫటిక భాగమున ధనాత్మకము. కనుక మొత్తము మీద దాదాపు శూన్యమగును.

ఉపయోగములు, పరిమితులు

అధిక పౌనఃపున్యముల వద్ద శక్తి నష్టము తక్కువ కనుక పవర్ సప్లైలు, చోక్ కాయిల్స్, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లలో దీనిని వాడుదురు. అయితే సంతృప్త ప్రేరణ సుమారు 1.24 టెస్లా మాత్రమే. సిలికాన్ ఉక్కుకు ఇది దాదాపు 2 టెస్లా. వేడిచేసిన పిమ్మట రిబ్బను పెళుసగును గనుక, ముందే చుట్టగా చుట్టి ఆపై వేడిచేయుదురు. ఉష్ణోగ్రత మితిమీరినచో ఇనుము బోరైడులు ఏర్పడి మృదుత్వము నశించును.