పాత యింటి మూడు సాక్షులు

వేగవతీ నదీతీరమున వెలసిన సాలూరు, కొండలకును మైదానమునకును నడుమ నున్న వాకిలి వంటిది. ఇచ్చటినుండియే కొరాపుటు ఘాటు దారి పైకెక్కును. ఈ సీమలో పొలముల నడుమ కట్టిన పాత యిండ్లు, గాదెలు, పశువుల సాలలు, జమీందారీల నాటి బంగళాలు నేటికిని అక్కడక్కడ కానవచ్చును. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీలు అంతరించినవి. పిదప పెక్కు కట్టడములు ఆలనాపాలనా లేక కూలుచున్నవి. ఇట్టి యింటిని పడగొట్టుటయా, నిలబెట్టుటయా యను ప్రశ్న ప్రతి గ్రామమునందును ఏదో యొకనాడు పుట్టును. దానికి బదులు చెప్పుటకు ముందు ఆ యింటి చరిత్రను తెలిసికొనవలెను. అందులకు మూడు సాక్షులు గలవు: గోడ, చెట్టు, కాగితము.

గోడ మొదటి సాక్షి. పూర్వులు సున్నమును ఇసుకతో కలిపి గానుగలో నూరి, కొన్నిచోట్ల కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చి గచ్చు సిద్ధపరచెడివారు. మట్టిగోడ యెచ్చట ముగిసి యిటుకగోడ యెచ్చట మొదలైనదో, తాటి దూలమునకు బదులు టేకు దూలము ఏ గదిలో చేరినదో పరికించినచో, ఆ కుటుంబపు కలిమిలేములు కొంత తెలియును. బాగుచేయువారు తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. సున్నపుగోడ తనలోని చెమ్మను బయటికి విడుచుచుండును. దానిపై సిమెంటు పూసినచో చెమ్మ లోపలనే నిలిచి గోడ గుల్లబారును. పాతగోడకు పాతమందే మేలు.

చెట్టు రెండవ సాక్షి. పాడుపడిన పెరటిలో ముండ్లపొదలు కొట్టివేసినప్పుడు, మామిడిచెట్లు వరుసగా నిలిచియున్నచో అది యొకరు నాటిన తోట యని తెలియును. పనస, మామిడి మన నేలకు అనాదిగా చుట్టములు. జామ, జీడిమామిడి, మిరప యన్ననో, 1498లో పోర్చుగీసువారు సముద్రమార్గమున మన దేశమునకు వచ్చిన తరువాత, అమెరికా ఖండమునుండి చేరినవి. పెరటిలోని జామచెట్టు వెనుక ఇంత ప్రపంచచరిత్ర దాగియున్నది. అరకులోని పద్మపురం తోటయు ఇట్టి సాక్షియే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనికులకు కూరగాయలు పండించుటకై వెలసిన యా తోట, నేడు యాత్రికులు విహరించు ఉద్యానమైనది.

గోడ కూలి, చెట్టు ఎండిపోయినచో మిగులునది కాగితమే. దాని బలమెంతటిదో కడపలోని బ్రౌను బంగళా కథ తెలుపును.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించెను. కంపెనీ కొలువులో చేరి 1820లో కడపకు వచ్చెను. అచ్చట బంగళా కొని, తన సొంత ధనముతో పండితులను, లేఖకులను నియమించి, తాళపత్ర ప్రతులను సేకరింపించి, పాఠములను సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. జూలూరి అప్పయ్య మొదలగు పండితులు ఆయన కొలువున పనిచేసిరి. అయోధ్యాపురం కృష్ణారెడ్డి కడపలో ఆ పనిని పర్యవేక్షించెను. 1829లో బ్రౌను వేమన పద్యములు 693 ఆంగ్లానువాదముతో ప్రకటించెను. ఆయన తెలుగు నిఘంటువు 1852లో వెలువడెను. 1884లో ఆయన లండనులో మరణించెను.

కాలక్రమమున ఆ బంగళా శిథిలమై మొండిగోడలు మాత్రము మిగిలినవి. ఆ రాళ్లను చూచి, ఒకప్పుడు అచ్చట తెలుగు కావ్యములు ప్రాణము పోసికొన్నవని ఊహింపగలవా రెవరు? 1970 ప్రాంతమున 'బంగోరె' యని ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డి, బ్రౌను జాబులను, వ్రాతలను శ్రమకోర్చి వెదకి వెలికి దెచ్చెను. ఆ కాగితములు మరచిన యింటికి మాట నిచ్చినవి. పిమ్మట జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఆ స్థలముననే గ్రంథాలయము నెలకొల్పుటకు పూనుకొని, ఊరూర తిరిగి విరాళములు కూడబెట్టెను. 1987లో శంకుస్థాపన జరిగెను. 1995లో గ్రంథాలయము ప్రారంభమయ్యెను. తరువాత అది భాషాపరిశోధన కేంద్రమై, యోగి వేమన విశ్వవిద్యాలయపు ఆధ్వర్యమునకు వచ్చినది.

బ్రౌను నాటి గదులు తిరిగి రాలేదు. కాని తాళపత్రములు భద్రపరచుట, గ్రంథములు పరిష్కరించుట యను నాటి పని ఆ నేలకు తిరిగి వచ్చినది. ఇల్లు దేనికై బ్రతికినదో అది మరల సాగినప్పుడే జీర్ణోద్ధరణ నెరవేరినట్లు. ధాన్యము నిలువచేసిన కొట్టు, బాగుపడిన తరువాత విత్తనముల కొట్టుగా నిలిచినను, బాటసారులకు నీడనిచ్చిన చావడి చదువుల చావడిగా మారినను, ఆ యిల్లు బ్రతికినట్లే యెంచవలెను.

ఇచ్చటనే గ్రామ గ్రంథాలయమునకు గొప్ప కర్తవ్యము కలదు. ఇంటి దస్తావేజులు, శిస్తు రసీదులు, పాత ఛాయాచిత్రములు చెదలపాలగుటకు ముందే వాని నకళ్లు గ్రంథాలయమునకు చేరవలెను. పార్వతీపురం మన్యం జిల్లాగా 2022లో ఏర్పడిన ఈ ప్రాంతమున మరియొక విశేషము గమనింపదగును. జాతాపులు, సవరలు, కొండదొరలు కట్టుకొన్న యిండ్లకు దస్తావేజులు అరుదు. మట్టిగోడలు వానకు కరగును, గడ్డికప్పులు మారుచుండును. వారి యింటి చరిత్ర వృద్ధుల నోటనే యున్నది. ఇల్లు ఎవరు కట్టిరి, కలప ఏ కొండనుండి తెచ్చిరి, వాకిటి పనసను ఎవరు నాటిరి అని అడిగి వ్రాసికొనువారున్నచో, ఆ మాటయే కాగితమై మూడవ సాక్షి యగును.

మొండిగోడను నిలబెట్టుటకు ధనము కావలెను. సాక్ష్యమును నిలబెట్టుటకు ఒక నోటుపుస్తకము, ఓపిక చాలును. గోడకు గడువు కొంత యుండవచ్చును. వృద్ధుల మాటకు గడువు తక్కువ.