చిత్త కార్తెలో కనుమ

2014 అక్టోబరు 12 మధ్యాహ్నం హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటుతున్నప్పుడు నేను మా అపార్ట్‌మెంటు మెట్ల కింద కూర్చుని ఉన్నాను. కిటికీ అద్దాలు పగిలాక ఇంట్లో ఉండే ధైర్యం లేక నాలుగు కుటుంబాలవాళ్ళం అక్కడికి చేరాం. తర్వాతి రోజులు ఊళ్ళో అందరికీ ఒకేలా గడిచాయి. కరెంటు లేదు, ఫోను లేదు, ట్యాంకరు ముందు బిందెల వరస. కైలాసగిరి గుండు గీయించుకున్నట్టు ఉంది. మళ్ళీ పేపరు చేతికొచ్చిన రోజున లోపలి పేజీలో చిన్న వార్త: నేపాల్‌లో థొరంగ్ లా అనే కనుమ దగ్గర మంచు తుపాను, ట్రెకర్ల మృతి. కారణం హుద్‌హుద్.

"మన తుపానేనా?" అంది అమ్మ. మనింటి పిల్లాడు ఎవరినో కొట్టొచ్చాడని తెలిసినప్పటి గొంతు అది.

ఆ కనుమ దాటాలని నాకు అంతకు ముందు నుంచే ఆశ. నాలుగేళ్ళకు, 2018లో, కుదిరింది. బూట్లూ వీపు సంచీ కొనేముందు ఆ దారి చరిత్ర చదివాను. ఏ నెలలో బయల్దేరాలన్నది అందులోనే ఉంది.

అన్నపూర్ణ పర్వతాలను చుట్టివచ్చే దారి అది. బేసిశహర్ దగ్గర మొదలై, మర్స్యాంగ్దీ నది వెంట మనాంగ్ దాకా ఎక్కి, 5,416 మీటర్ల ఎత్తున థొరంగ్ లా దాటి, ముక్తినాథ్‌లో దిగి, కాళీ గండకి పక్కనే కిందికి పోతుంది. మన వైష్ణవులకు ముక్తినాథ్ 108 దివ్యదేశాల్లో ఒకటి. మన పూజ గదుల్లోని సాలగ్రామాలు ఆ కాళీ గండకిలో దొరికేవే. యాత్రికుల కంటే ఎక్కువగా ఆ లోయను తొక్కింది మాత్రం ఉప్పు. టిబెట్ సరస్సుల ఉప్పు గొర్రెల మీద, కంచర గాడిదల మీద దక్షిణానికి దిగేది, పల్లం ధాన్యం పైకి ఎక్కేది. తుకుచే అనే ఊళ్ళో రెండూ చేతులు మారేవి. 1860ల నుంచి 1920ల చివరి దాకా ఆ ఉప్పు మీద గుత్తాధిపత్యం 'సుబ్బా' బిరుదున్న థకాలీ వర్తకులది.

వాళ్ళ వాతావరణ శాస్త్రమంతా గాలి మీదే. కాళీ గండకి లోయలో పొద్దున పదీ పదకొండు గంటలకు దక్షిణం నుంచి గాలి లేస్తుంది. సాయంత్రం దాకా ఆగదు, ఎదురొచ్చినవాడి కళ్ళల్లో ఇసుక కొడుతుంది. అందుకే నడక తెల్లవారుజామునే. కనుమలకూ అదే లెక్క. ఇప్పటికీ థొరంగ్ లా దాటేవాళ్ళు నాలుగింటికే తలకు లైటు కట్టుకుని బయల్దేరి, గాలి ముదిరేలోగా అవతలికి దిగాలని చూస్తారు.

1959 తర్వాత టిబెట్ సరిహద్దు బిగిసింది. ఉప్పు వ్యాపారం చితికింది. ఈలోగా మన దేశం నుంచి సముద్రపు ఉప్పు కొండెక్కడం మొదలైంది. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా నాన్నది నౌపడ, ఉప్పు మడుల ఊరు. ఉప్పు పోయినా థకాలీల భట్టీలు, అంటే బాటసారికి అన్నం పెట్టి పడుకోనిచ్చే ఇళ్ళు, మిగిలాయి. తర్వాత వచ్చిన తెల్లవాళ్ళు పడుకున్నది ఆ ఇళ్ళలోనే.

మొదట వచ్చినవాళ్ళు ఇప్పటి ట్రెకర్లలా శరదృతువులో రాలేదు. 1950లో ఫ్రెంచి బృందం వానల కంటే ముందే పని ముగించాలని వసంతంలో వచ్చింది. జూన్ 3న మోరిస్ ఎర్జోగ్, లూయీ లాషెనాల్ అన్నపూర్ణ ఎక్కారు. 8,000 మీటర్లు దాటిన శిఖరాన్ని మనిషి ఎక్కడం అదే తొలిసారి. దిగేసరికి నైరుతి రానే వచ్చింది. మంచుకు చచ్చుబడ్డ చేతులతో, కాళ్ళతో ఉన్న ఆ ఇద్దరినీ కూలీలు వానలో, బురదలో మోసుకుంటూ దించారు. శిఖరం ఎక్కేవాడికి వసంతమైతే, నడిచి చూసేవాడికి వానలు వెనక్కి పోయాక వచ్చే కాలం మంచిది. దుమ్మంతా కడుక్కుపోయి కొండలు దగ్గరికి జరిగినట్టు కనిపిస్తాయి. జిమ్మీ రాబర్ట్స్ అనే మాజీ సైనికాధికారి 1960ల మధ్యలో కాఠ్మాండూలో ట్రెకింగ్‌ను వ్యాపారంగా మొదలుపెట్టాక, దసైం పండుగకు, అంటే వాళ్ళ దసరాకు, అటూ ఇటూ వారాలు 'సీజన్' అయిపోయాయి. 1977లో మనాంగ్ వైపు కూడా విదేశీయులకు తెరిచారు. మన దివిసీమ ఉప్పెన ఏడాదే అది.

వాళ్ళు మంచి రోజులంటున్న వారాలు ఇక్కడ మనం సముద్రం వైపు భయంగా చూసే వారాలే. నైరుతి వెనక్కి పోయాక బంగాళాఖాతంలో తుపానుల కాలం మొదలవుతుంది. ఎక్కువ తుపానులు తీరం దాటాక నీరసించి పోతాయి. ఎప్పుడో ఒకటి తేమనంతా మోసుకుంటూ ఉత్తరానికి తిరుగుతుంది. అదే సమయానికి పైన పడమటి గాలుల ద్రోణి ఎదురైతే ఆ తేమ హిమాలయాల మీద మంచై కురుస్తుంది. 1995 నవంబరులో ఒడిశా తీరం దాటిన తుపాను అలాగే వెళ్ళింది. ఎవరెస్టు వైపు గోక్యో లోయలో మంచు చరియ విరిగిపడి 13 మంది జపాన్ ట్రెకర్లు, వాళ్ళ వెంట ఉన్న నేపాలీలు చనిపోయారు. అది గుర్తుపెట్టుకుని ఉంటే 2014 వేరేలా జరిగేదని నా నమ్మకం.

హుద్‌హుద్ అక్టోబరు 8న తుపానుగా మారింది. మాకు నాలుగు రోజుల వ్యవధి దొరికింది. అల్పపీడనం, వాయుగుండం, తుపాను, పెనుతుపాను అంటూ మెట్టు మెట్టుగా టీవీ చెబుతూనే ఉంది, తీరంలో జనాన్ని లారీల్లో తరలించారు. తీరం దాటాక ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరప్రదేశ్ వైపు పోయిందనీ చెప్పింది. అంతటితో మనకు కథ అయిపోయింది. 14వ తేదీ పొద్దున థొరంగ్ హై క్యాంపులో లేచినవాళ్ళకు ఈ కథ మొదలే తెలియదు. మంచు పడుతుంటే ఇంత ఎత్తులో మామూలేగా అనుకుని నడిచారు. కనుమ మీది టీ కొట్టులో కొందరు కిక్కిరిసి తలదాచుకున్నారు. ముక్తినాథ్ వైపు దిగినవాళ్ళలో చాలామందికి ముందున్న మనిషి కూడా కనిపించలేదు. మొత్తం మృతులు 40 మందికి పైనే. వాళ్ళలో యాత్రికులున్నారు, కూలీలున్నారు, గైడ్లున్నారు, యాక్‌లు కాసుకునేవాళ్ళున్నారు. రెండు దేశాల వాతావరణ శాఖలకూ తెలిసిన సంగతి కనుమ కింది లాడ్జీ దాకా నడిచి వెళ్ళలేకపోయింది. అప్పట్లో దీన్ని ప్రకృతి వైపరీత్యమన్నారు. నాకు అందని టెలిగ్రాంలా అనిపిస్తుంది.

అందుకే 2018లో నా ఏర్పాట్లు విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్‌తో మొదలయ్యాయి. టిక్కెట్టు అక్టోబరు 10కి తీశాను. నాన్నకు ఫోన్ చేస్తే, "చిత్త, స్వాతి కార్తెలు దాటనీరా, తొందరేమిటి?" అన్నాడు. ఉప్పు మడుల మనిషికి పంచాంగం కంటే కార్తెలే గట్టి. 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. టిక్కెట్టు అప్పటికే రద్దు చేసుకున్నాను. వీపు సంచిలో పెట్టుకున్న తాడు నౌపడలో పెరటి కొబ్బరిచెట్టును ఇంటి కప్పు మీంచి లాగడానికి పనికొచ్చింది.

పది రోజుల తర్వాత బయల్దేరాను. నడక లెక్కలో రెండు రోజులు ఖాళీగా ఉంచుకున్నాను, మనాంగ్‌లో ఆగడానికి. ఒకటి 3,540 మీటర్ల ఎత్తు ఒంటికి అలవాటు కావడానికి, రెండోది ఆకాశం కోసం. నవంబరు మొదటి రోజు సాయంత్రం లాడ్జీ వంటింట్లో పొయ్యి చుట్టూ ఏడెనిమిది మందిమి. ఒక్కొక్కరి ఫోనులో ఒక్కో యాప్ ఒక్కో మాట చెబుతోంది. ఒకదాంట్లో మంచు, ఒకదాంట్లో ఎండ. లాడ్జీ యజమానురాలు అవేవీ పట్టించుకోకుండా రొట్టెలు కాలుస్తోంది.

సిగ్నల్ అందే మూలకు వెళ్ళి నాన్నకు ఫోన్ చేశాను. సముద్రపు హోరు వినిపించేలా అరుగు మీద కూర్చుని ఎత్తాడు. బులెటిన్ చూశాడట, అండమాన్ దాకా ఏమీ లేదట.

"ఎళ్ళు," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "స్వాతి ఇంకా పోలేదు, కిందికి దిగినాక ఫోన్ చెయ్యి" అన్నాడు.

లోపలికొచ్చి పొయ్యి దగ్గరున్న ఇజ్రాయెల్ కుర్రాళ్ళకు చెప్పాను, బంగాళాఖాతం ఖాళీగా ఉందని. వాళ్ళకు అర్థం కాలేదు. రొట్టె తిరగేస్తున్న ఆమె మాత్రం చెయ్యి ఆపి నా వైపు చూసి, హిందీలో అడిగింది: "పక్కానా?"